వీరగల్లును కడిగిన రోజు

ఈమధ్య మా పురావస్తు శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు బాన్సువాడలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చాయ్ తాగుతూ ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఫీల్డ్‌ల పని ఎట్లుంటది? ఎండకు ఫికర్ లేదు గని, బోర్ కొడ్తదా?"

బోర్ కొట్టదమ్మా అన్నాను. అంతకుమించి ఆ క్షణాన ఏం చెప్పాలో తోచలేదు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. వాళ్ళకు చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి, ప్రయాణ బిల్లుల సంగతి రాయను. అవి ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు.

చేతికి తగిలే మొహాలు

నా పని పాత రాళ్ళ మీది రాతలకూ బొమ్మలకూ కాగితం మీద అచ్చు తీయడం. రాయిని శుభ్రం చేస్తాం. తడి కాగితం పరిచి, గట్టి కుచ్చున్న బ్రష్‌తో మెల్లగా కొడతాం. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. ఆరుతుండగా పైన మసి అద్దితే గుంటలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. చెప్పుకుంటే ఇంతే. చేస్తే మాత్రం నడుము విరుగుతుంది.

మా వైపు దొరికే రాళ్ళలో వీరగల్లులు ఎక్కువ. ఏ యుద్ధంలోనో, ఊరి పశువులను తోలుకుపోయే దండును అడ్డుకుంటూనో చచ్చిపోయిన మనిషి కోసం నిలబెట్టిన రాయి అది. అడుగున అతను కత్తి పట్టి పోరాడుతుంటాడు. నడుమ ఇద్దరు అప్సరసలు చెరో చెయ్యి పట్టుకుని అతన్ని తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందు నిమ్మళంగా కూర్చుని ఉంటాడు. ఎంత చిన్న రాయైనా ఒక చావు.

కాగితం మీద వేళ్ళు ఆనించి నొక్కుతుంటే కింద మొహం తగులుతుంది. ముక్కు, మీసం, తెరిచిన నోరు. మొదటిసారి తగిలినప్పుడు చెయ్యి గభాల్న వెనక్కి లాక్కున్నాను. ఎవరో పడుకున్న మనిషి మొహం చీకట్లో తడిమినట్టు అనిపించింది. అన్నం సయించలేదు ఆ పూట. తర్వాత అలవాటైందా అంటే చేతులకు అలవాటైంది, నాకు కాలేదు. కాకపోవడమే మంచిదని ఇప్పుడనిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ఆ ఉలికిపాటును పోగొట్టుకోకండి.

రాజుల అంకెలు

తొంభైలలో మా మీద అధికారిగా ఉన్నది సోమశేఖరం గారు. గొప్ప చదువరి. రాయి చూసి అక్షరాల వంపును బట్టి ఏ కాలానిదో చెప్పేవారు. కోపం ముక్కు మీదుండేది. నల్లటి ఒత్తయిన జుట్టు ఆయనకు. జీపు దిగగానే ముందు దువ్వెన తీసి తల దువ్వుకుని, ఆ తర్వాతే రాయి దగ్గరికి నడిచేవారు. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆయనకొక పెద్ద కోరిక ఉండేది. దక్కనులో జరిగిన యుద్ధాలన్నింటిలోనూ ఎవరి వైపు ఎంతమంది చచ్చారో ఒక్కచోట చేర్చి పుస్తకం వెయ్యాలని. అందుకోసం రాజుల శాసనాలన్నీ జల్లెడ పట్టేవారు. ఆ శాసనాల అచ్చులు నేను తీస్తూ ఉంటే చదివి వినిపించేవారు. విన్నకొద్దీ నాకు మతిపోయేది. ఒక రాజు శత్రువుల తలలు కోసి గుట్ట పోశానంటాడు. ఇంకొకాయన నది నీళ్ళు నెత్తురుతో ఎర్రబడ్డాయంటాడు. వేలూ లక్షలూ వడ్లు కొలిచినట్టు కొలిచేస్తారు. కానీ నేను చూసిన వాటిలో ఒక్క రాజు కూడా మావాళ్ళు ఇంతమంది పోయారు అని చెక్కించుకోలేదు.

"సార్, గెలిచినవాళ్ళలో ఎవరూ చావలేదా?" అని ఒకసారి అడిగాను.

"చచ్చే ఉంటారు. కానీ ఆధారం కావాలి కదమ్మా. ఆధారం లేకుండా ఎలా రాస్తాను?" అన్నారు.

ఆధారం ఎక్కడుందో నాకు రుద్రూర్ దగ్గర తెలిసింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక కుటుంబం అక్కడ కాలువ కింద పొలం కొనుక్కుంది. పిల్లకాలువ మీద అడ్డంగా ఒక బండ వేసి ఉంది. దాని మీంచే మనుషులూ ట్రాక్టరూ పోయేవి. అంచున చెక్కడంలాంటిది కనబడి బండను తిరగేయించాం. అప్పటిదాకా బోర్లా పడి ఉన్న వీరుడు. గొంతులో బాణం దిగి ఉంది, చెయ్యి ఇంకా బాణాన్ని పట్టుకునే ఉంది. ఆ ఇంటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మేం కొన్నప్పటినుంచీ ఇది ఇలాగే ఉందండీ. మనిషని తెలీదు కదండీ మాకు. ఇన్నాళ్ళూ వీపు మీద అడుగేసి పోయామా అండీ," అంది.

ఆ పూట ఆవిడ మమ్మల్ని భోంచెయ్యకుండా పోనివ్వలేదు, తను మాత్రం ముద్ద ముట్టలేదు. రాజులు లెక్కలోకి తీసుకోనివాళ్ళు ఇలా కాలువల మీదా గట్ల కిందా పడి ఉన్నారు. సోమశేఖరం గారు మాత్రం జీపులో కూర్చుని, "ఒక్కడే. ఒక్కడితో ఏం తేలుతుంది?" అన్నారు.

ఆయన మీద నాకు కోపం లేదు. పెద్ద పెద్ద చావులు చదివి చదివి ఒక్క చావు ఆయన కంటికి ఆనడం మానేసింది. ఈ వృత్తిలో వచ్చే జబ్బు ఇది. ముందే తెలుసుకుని ఉంటే కొంత తప్పించుకోవచ్చు.

నీళ్ళు తగలనియ్యకు

ఇక అసలు సంగతి. బాన్సువాడకు దగ్గర్లోనే, నిజాంసాగర్ కాలువ పారే ఒక ఊరు. అక్కడ హన్మాండ్లు అనే రైతు పొలం చివర నిలువెత్తు వీరగల్లు ఉందని తెలిసి వెళ్ళాం. ఎండాకాలం. రాయి నిండా తెల్లటి సున్నం, మీద ఎర్రటి జాజు పట్టెలు. తరతరాలుగా పూత మీద పూత వేసి వేసి లోపల మనిషున్నాడని ఆకారం తప్ప ఏమీ తెలియడం లేదు. అడుగు భాగం మట్టిలో కూరుకుపోయింది.

రాయిని ముట్టుకునేముందు ఆ పొలం వాళ్ళను అడగడం నాకు అలవాటు. సార్‌ను అక్కడే ఉండమని ఊళ్ళోకి వెళ్ళాను. హన్మాండ్లు ఇంట్లో పెళ్ళి పనులు నడుస్తున్నాయి. కూతురు స్వరూప పెళ్ళి. అయిదు రోజులుంది. మంజీర నది అవతల, మద్నూర్ దగ్గరి ఊరి సంబంధం. వాకిట్లో ఆడవాళ్ళు పసుపు దంచుతున్నారు. హన్మాండ్లు తల్లి పోశవ్వ రోకలి ఆపి నా మాట విన్నది.

"కాయిదం మీద దించుకుంటె దించుకో బిడ్డా. గని రాయికి నీళ్ళు తగలనియ్యకు. మొన్ననే పెండ్లి సున్నం ఏసినం," అంది.

"నీళ్ళు తగిలితే ఏమైతది అవ్వా?"

"పెండ్లి ఇంట్ల గా ముచ్చట మాట్లాడద్దు," అని మళ్ళీ రోకలెత్తింది.

సరే, పైపైన పెన్సిల్ రుద్ది వచ్చినంతవరకే తీసుకుందాం అనుకుని పొలానికి తిరిగొచ్చాను. వచ్చేసరికి సార్ చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. డ్రైవర్ కాలువలోంచి బకెట్లతో నీళ్ళు తెస్తున్నాడు, సార్ కొబ్బరి పీచుతో రుద్దుతున్నారు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మట్టిలో పడి ఉంది. రాతి లోంచి ఒక మనిషి తడి తడిగా బయటికొచ్చి నిలబడ్డాడు. పెద్ద కళ్ళు. పక్కటెముకల దగ్గర ఈటె దిగి ఉంది.

"అద్భుతం కదూ? పైన రాత కూడా చెక్కుచెదరలేదు," అన్నారు సార్. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

నేను ఏమనబోయానో గుర్తులేదు. ఈలోపే పోశవ్వ గట్టు మీద కనిపించింది. నా మీద నమ్మకం చాలక వెనకే వచ్చినట్టుంది. రాయిని చూసి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి తడి రాయి మీద అరచెయ్యి పెట్టింది.

"ఎవలు కడిగిండ్రు?"

"నేనే కడిగానమ్మా. చూడు, ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాడో," అన్నారు సార్.

ముసలామె నేల మీద కూలబడింది. కొప్పు విప్పేసింది. చేతులు నేలకేసి కొట్టుకుంటూ రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. పక్క పొలాల్లోని ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు, రాయిని చూశారు, ఆమె పక్కన కూర్చుని వాళ్ళూ ఏడుపు ఎత్తుకున్నారు. సార్ బిక్కమొహం వేశారు. ఊళ్ళో ఎవరికో ఏదో అయిందనుకున్నారు పాపం.

"ఎవరు పోయారమ్మా?" అని అడిగారు.

పోశవ్వ ఏడుపు ఆపింది. "నువ్వే కడిగితివి గద సారూ. ఎవలు పోయిండ్రని నన్నడుగుతున్నవా?"



ఇంటికి రాని పీనుగ

ఆమె చెప్పింది ఇది. ఈ రాతిలో ఉన్నవాడు వాళ్ళ వంశం వాడు. పేరు ఎవరికీ గుర్తులేదు, తాత అనే అంటారు. పోరుకు పోయాడు, రాలేదు. చచ్చాడని ఎవరో చెప్పారు, శవం మాత్రం ఇంటికి చేరలేదు.

"పీనుగ రాంది ఎట్ల కడుగుతం? కడగంది ఎట్ల ఏడుస్తం? అందుకే సున్నమేసి నిలవెట్టిండ్రు మా పెద్దలు. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఒక పూత, పెండ్లికి ఒక పూత. కడుగుడంటె ఒక్కపారే. పీనుగను ఒక్కపారే గద కడుగుతరు," అంది పోశవ్వ.

నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో వింతలు విన్నాను. ఇంతగా ఎప్పుడూ నిర్ఘాంతపోలేదు. మా దృష్టిలో అతను వందల ఏళ్ళ కిందటి మృతుడు, సార్ పట్టికలో ఒక గీత. ఈ ఇంటికి అతను నిన్నటిదాకా చావలేదు. ఎవరూ ఏడవకుండా, కర్మ జరగకుండా, పొలం గట్టున అలా నిలబడే ఉన్నాడు. ఇవాళ మధ్యాహ్నం మా జీపు వచ్చాక చచ్చాడు. చావు జరిగిన ఇంటికి మైల. మైలలో పెళ్ళి జరగదు.

హన్మాండ్లు పొలానికి పరుగెత్తుకొచ్చాడు. మనిషి అరవలేదు, తిట్టలేదు. నెత్తిన చేతులు పెట్టుకుని, "ఇగ నా బిడ్డ పెండ్లి ఎట్ల సారూ? ఈ మూర్తం పోతె మూఢమొస్తది. అవతలోళ్ళు ఆగుతరా?" అన్నాడు.

సార్ కాసేపు శాస్త్రం మాట్లాడారు. ఇది రాయి అన్నారు. మూఢనమ్మకం అన్నారు. ఊరంతా చుట్టూ నిలబడి వింది, ఎవరూ ఎదురు చెప్పలేదు. అది మరీ కష్టంగా ఉంటుంది, వాదించేవాడుంటేనే నయం.

బాన్సువాడ నుంచి పంతులు గారిని పిలిపించారు. ఆయన మంచివాడు, దారి వెతికాడు. "ఏడాది దాటినంక చావు కబురు తెలిస్తె తానం చేస్తె చాలని శాస్త్రంల ఉన్నది. తలకు పోస్కోండ్రి, పెండ్లి చేస్కోండ్రి," అన్నాడు.

"కబురు కాదయ్యా. పీనుగను చూసినం," అంది పోశవ్వ.

చివరికి మధ్యేమార్గం కుదిరింది. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పిట్ట ముడితే ఈ చావుకు అంతటితో మైల తీరినట్టు, పెళ్ళి జరుపుకోవచ్చు. ముట్టకపోతే పదకొండు దినాలూ ఆగాల్సిందే. మా వైపు సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డాడని అర్థం. రాకపోతే వాడికింకా ఏదో కొదవ ఉందని.

మరి పెట్టేదెవరు? పోశవ్వ అందుకూ తీర్పు చెప్పింది. కడిగినవాడే కర్త.

సోమశేఖరం గారు జీపు వైపు నడిచారు. "నేను ప్రభుత్వోద్యోగిని. ఒక రాయి కోసం గుండు కొట్టించుకుని కూర్చోమంటారా నన్ను?"

అప్పుడు మాట్లాడింది స్వరూప. పొలానికి ఎప్పుడొచ్చిందో గమనించలేదు. పసుపు చేతులతోనే ఉంది.

"సార్, ఈ రాయితోని మీకు పుస్తకమైతది. నా పెండ్లి ఆగిపోతది. నేనేం కడగలె గద సార్," అంది.

ఆ పిల్ల గొంతులో దబాయింపు లేదు, ఉన్న మాట అన్నది. సార్ జీపు తలుపు తీసి, ఆ పిల్ల పసుపు చేతుల వైపు చూశారు. తర్వాత తలుపు మూసేశారు. కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి: ఈ ఉద్యోగంలో తప్పు చెయ్యనివాళ్ళు లేరు. ఆ జీపు ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు, ఆగేవాళ్ళు అని రెండు రకాలు మాత్రం ఉన్నారు. కోపిష్టి అని నేను విసుక్కున్న మనిషి ఆగాడు.

వెళ్ళబోతూ పోశవ్వ మళ్ళీ రాయి దగ్గర వంగింది. వీరుడి పాదాల కింద, మట్టిని ఆనుకుని, చిన్న చిన్న మనుషులు వరసగా పడి ఉన్నారు. జానెడు కూడా లేరు ఒక్కొక్కరు. ఒకడి చెయ్యి తెగిపోయి ఉంది. ఒకడు బోర్లా ఉన్నాడు. ఇన్నేళ్ళ సున్నం కింద వాళ్ళను ఎవరూ చూసి ఎరగరు.

"గీళ్ళెవలు సారూ?"

"ఇతను చంపినవాళ్ళమ్మా. శత్రువులు."

"మేం పూసిన సున్నం కిందనే ఉన్నరా ఇన్నొద్దులు?" అంది. ఆ చిన్న మొహాల నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. నాకూ అదే పరిస్థితి. నేనెన్నో వీరగల్లుల్లో ఇలాంటి బొమ్మలు చూశాను, వీరుడెంత గొప్పవాడో చూపించడానికి చెక్కే అలంకారమనే అనుకున్నాను. ఆ ముసలామె వాళ్ళను మనుషుల్ని చూసినట్టు చూసింది. చూస్తే మనుషులే.

పిట్టకు పెట్టిన రోజు

మూడోనాడు పొద్దున్నే సార్‌కు గుండు కొట్టారు. జుట్టు పోయాక ఆయన చిన్నగా, ఎవరో మేనమామలా కనబడ్డారు. నవ్వు రాలేదు నాకు. రాయి ముందు మోదుగాకు విస్తరి పరిచి అన్నం, పప్పు, మాంసం కూర, కల్లు పెట్టారు.

మద్నూర్ వైపు నుంచి మగపెళ్ళివారూ వచ్చారు. కబురు వాళ్ళ దాకా పోయింది. పెళ్ళికొడుకు తాత విఠల్ రావు, ఆయన వెంట ఇద్దరు బంధువులు. ముసలాయన తల మీద ఎర్ర రుమాలు, మాటలో సగం మరాఠీ. "కాయ్ ఝాలే? ఏందిది, అరే బాబా, పెండ్లి ఇంట్ల ఏడుపంటున్నరు," అన్నాడు. హన్మాండ్లు ఆయన చేతులు పట్టుకుని జరిగింది చెప్పాడు. ముసలాయన గట్టు మీద కూర్చున్నాడు. ఈ సంబంధం ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికే వచ్చాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

పంతులు గారు అడిగారు: "పోయిన మనిషి పేరు?"

ఊళ్ళో ఎవరికీ తెలియదు. సార్‌కు తెలుసు, రాతి మీద చదివారు. "మాచయ్య," అన్నారు. జనంలో చిన్న కదలిక వచ్చింది. పోశవ్వ పెదవులు కదిపి ఆ పేరు పలికి చూసుకుంది. ఇన్ని తరాలుగా సున్నం వేస్తూ వచ్చిన వంశం ఇప్పుడు పేరు వింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నాకూ ఆగలేదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. చదువుకున్నవాడికి సగంలో ఆపడం చేతకాదు. సార్ రాతను చివరిదాకా చదివి అర్థం చెప్పారు. మంజీర అవతలి నుంచి దండు వచ్చింది, ఈ ఊరి మీద పడింది, ఆ దండుతో పోరాడి, వాళ్ళను చంపి, మాచయ్య చచ్చాడు.

మంజీర అవతలి నుంచి. మగపెళ్ళివారు గట్టు మీద కూర్చునే ఉన్నారు. వెనకనుంచి ఎవరో అన్నారు: "అంటె అటోళ్ళేనా మన తాతను సంపింది?"

తనేం చేశారో సార్‌కు అప్పుడు అర్థమైంది. హన్మాండ్లు కళ్ళు మూసుకున్నాడు. స్వరూప తల్లి కూతురి భుజం పట్టుకుంది. కాకి జాడ లేదు. దూరంగా తుమ్మ చెట్టు మీద కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి, ఒక్కటీ దిగడం లేదు. హన్మాండ్లు చేతులు జోడించి, ఏటా నీ పేరున అన్నం పెడతాం తాతా అన్నాడు. రాలేదు. పేరు మరిచిపోం అన్నాడు. రాలేదు.

విఠల్ రావు లేచాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నారందరూ. ఆయన నేరుగా రాయి దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వీరుడి పాదాల కింద పడి ఉన్న ఆ చిన్న మనుషులను వేలితో ఒక్కొక్కరినీ తడిమాడు.

"గీళ్ళు అటోళ్ళేనా సారూ? మంజీర అవతలోళ్ళు?"

సార్ తల ఊపారు.

"అంటె మావోళ్ళు," అన్నాడు ముసలాయన. "మావోళ్ళ పీనుగలు కూడ ఇంటికి రాలే గద. ఎవలు కడిగిండ్రు ఈళ్ళను? ఎవలు ఏడ్చిండ్రు?" రుమాలు తీసి పక్కన పెట్టాడు. తల తెల్లగా మెరిసింది. "అయితె మాకు కూడ మైలే. హన్మాండ్లూ, మీకొక్కరికే కాదు. ఇంకో ఇస్తరి తెప్పియ్యి."

పోశవ్వ తనే విస్తరి తెచ్చి ఆయన ముందు పరిచింది. ఆయన వడ్డించాడు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. పడి ఉన్న ప్రతి మనిషి ముందూ ఒక ఆకు. పోశవ్వ మట్టి వైపు చూస్తూ, "కింద ఇంకా ఉన్నట్టున్నరు, తవ్వుండ్రి," అంది. హన్మాండ్లు పార తెచ్చాడు. సార్ కూడా వంగి చేతులతో మట్టి తీశారు. తీస్తూ ఉంటే కింద ఇంకో వరస. దాని కింద ఇంకొకటి. రాయి మేమనుకున్నదానికంటే చాలా లోతుకు దిగి ఉంది. తలలు, చేతులు, విరిగిన డాళ్ళు. ఒకడి మీద ఒకడు. అందరికీ మొహాలు చెక్కాడు ఆ శిల్పి, ఒక్కరినీ వదల్లేదు, ఏ ఇద్దరూ ఒకలా లేరు. చంపినవాడి గొప్ప కోసమే అయితే అన్ని మొహాలు ఎందుకు చెక్కాడో నాకిప్పటికీ తెలియదు. జీవితమంతా చావుల లెక్క వెతికిన సార్ ఆ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తున్నారు. ఆయన లెక్కపెట్టడం లేదు.

"ఆకులు అయిపోయినయి," అన్నాడు విఠల్ రావు.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతమంది కోసం ఎవరు తెస్తారు ఆకులు? తల్లి పక్కనుంచి స్వరూప కదిలి ఇంటి వైపు నడిచింది. తిరిగొచ్చినప్పుడు రెండు చేతుల నిండా విస్తళ్ళ కట్టలు. పెళ్ళి భోజనాల కోసం కుట్టించి పెట్టినవి.

"అవి పెండ్లివే బిడ్డా," అంది తల్లి.

"ఈళ్ళు తినకుంట మంజీర అవతలికి నేనెట్ల పోవాలె అమ్మా," అంది స్వరూప. గుంట అంచున కూర్చుని కట్ట విప్పింది. ఒక్కొక్క విస్తరీ తీసి పరుస్తూ పోయింది. విఠల్ రావు వెనకే వడ్డిస్తూ వచ్చాడు. ఇంకొన్ని ఇళ్ళ నుంచి అన్నం గిన్నెలు వచ్చాయి. ఎవరు ఎవరి వైపు అన్నది ఆ హడావుడిలో తెలియకుండా పోయింది.

ఆ పనిలో పడి పిట్టను ఎవరూ చూడలేదు. ఎప్పుడు వచ్చిందో, ఎటునుంచి వచ్చిందో తెలియదు. పోశవ్వ తలతిప్పి చూసేసరికి మాచయ్య విస్తట్లో అన్నం చెదిరి ఉంది.

"ముట్టింది," అంది మెల్లగా. "లేవుండ్రి. కాలువల తానం చేసి రాండ్రి, పెండ్లి పనులున్నయి."

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. భోజనాల దగ్గర విస్తళ్ళు తక్కువపడ్డాయి. మొదటి బంతి పొలం గట్టున ముందే అయిపోయిందని ఊరంతటికీ తెలుసు, కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఉన్నవాటితో రెండో బంతి వేశారు. మంజీర అవతలి వాళ్ళూ ఇవతలి వాళ్ళూ కలిసి కూర్చున్న ఆ బంతిలో, గుండుతో మా సార్ కూడా ఉన్నారు.